ఎవరి కంటా పడని సంఘ పరిచర్య: విసుగు లేకుండా, అర్థం పోకుండా ఎలా చేయాలి

"పాట పాడలేను, వాక్యం చెప్పలేను. ప్రతి వారం చాపలు పరచడం, కప్పులు కడగడం తప్ప నాకేమీ రాదు. ఇది కూడా పరిచర్యేనా?" ఏ సంఘంలో చూసినా ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఉంటారు. దానికి వచ్చే జవాబు కూడా దాదాపు ఒక్కటే: "దేవుడు చూస్తున్నాడమ్మా." అది నిజం. అయితే ఆ మాట విని ఇంటికి వెళ్లాక, వచ్చే శనివారం సాయంత్రం మళ్లీ చీపురు పట్టుకున్నప్పుడు ఏం చేయాలో మాత్రం తెలియదు. కింద రాసింది ఆ శనివారం సాయంత్రం కోసమే.

ఇందులో సిద్ధాంతం కొంచెమే. పనికి లెక్క ఉండాలి, ఆ లెక్క వెనక మనుషుల పేర్లు ఉండాలి. బైబిలులో సంఖ్యాకాండము 4వ అధ్యాయంలో ప్రత్యక్ష గుడారం (ఇశ్రాయేలీయులు ప్రయాణంలో మోసుకెళ్లిన ఆరాధన గుడారం) మోసే పని పంచినప్పుడు లేవీ గోత్రంలో ఒక శాఖ అయిన మెరారీయుల వంతుకు వచ్చినవి పలకలు, అడ్డకర్రలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, త్రాళ్లు. మందసం వాళ్లకు రాలేదు, దీపవృక్షమూ రాలేదు. అయినా 32వ వచనంలో ఆ సామాన్లను పేర్ల వరుసన లెక్కపెట్టి అప్పగించమని ఉంది. 1 దినవృత్తాంతములు 9:28 చూడండి: సేవకు వాడే పాత్రలను లెక్కతో లోపలికి తేవాలి, లెక్కతో బయటికి తీయాలి. మేకునూ, పాత్రనూ అంత శ్రద్ధగా లెక్కించమన్న దేవుని దగ్గర మనం పని చేస్తున్నాం.

ఉదాహరణకు ప్రభువు బల్ల, అంటే యేసు చివరి భోజనాన్ని జ్ఞాపకం చేసుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచరణ, సిద్ధం చేసే పని తీసుకుందాం. ఇందులో కనిపించేది పది నిమిషాలు, కనిపించనిది రెండు మూడు గంటలు. మీది ఊడ్చే పనైనా, మైకు పనైనా, వంట పనైనా వరుస ఇదే.

కావలసినవి

ఒక నోటు పుస్తకం, పెన్ను. ఫోన్‌లో రాసుకోవద్దు, ఈ పుస్తకం రేపు ఇంకొకరి చేతికి వెళ్లాలి.
వరుసగా 12 ఆదివారాలు. అంతకన్నా ముందే "నాకిది సరిపడదు" అని తేల్చుకోకండి.
శనివారం సాయంత్రం గంటన్నర, ఆదివారం ఆరాధనకు ముందు 45 నిమిషాలు, అయ్యాక అరగంట.
పాస్టర్ గారి మాట, లేదా సంఘ పెద్దల మాట. చెప్పకుండా మొదలుపెడితే ఇప్పటికే ఆ పని చేస్తున్నవాళ్లను నొప్పించినట్టవుతుంది.
తోడుగా ఒక్కరు. మీకు జ్వరం వచ్చిన ఆదివారం పని ఆగకూడదు.

హెచ్చరిక: ఇప్పటికే మూడు బాధ్యతలు మోస్తుంటే దీన్ని నాలుగోదిగా తగిలించుకోవద్దు. ఒకటి అప్పగించి ఇది తీసుకోండి.

1. ఒక్క పని ఎంచుకోండి

ఏ పని గొప్పదని ఆలోచించకండి. ఈ ఆదివారం ఆ పని జరగకపోతే ఎవరికి ఇబ్బంది అని చూడండి. మందిరం గుమ్మం దగ్గర చెప్పులే తీసుకోండి. వందమంది విప్పిన చెప్పులు మెట్టు మీద గుట్టగా పడి ఉంటాయి. ఆరాధన అయ్యాక చూపు సరిగా ఆనని ఒక పెద్దావిడ గోడ పట్టుకుని, కాలితో తడుముతూ తన జోడు వెతుక్కుంటుంది. ఒక కాలి చెప్పు దొరుకుతుంది, రెండోది ఎవరో తన్నేస్తే మెట్టు కిందికి పోయి ఉంటుంది. లోపల ప్రసంగం నడుస్తుండగా ఒకరు పది నిమిషాలు బయటికి వచ్చి, జతలు కలిపి, మెట్టుకు అడుగు దూరంలో, ముందు భాగం బయటికి తిప్పి వరుసగా పెడితే ఆమె పడదు. ఇంత చిన్నదైనా అది పూర్తి పరిచర్యే.

ఇక్కడ జరిగే పొరపాటు: ఉత్సాహంలో అయిదారు పనులు ఒప్పుకోవడం. నెల తిరిగేసరికి ఏదీ సరిగ్గా జరగదు, పైగా "అన్నీ నేనే చేస్తున్నాను" అనే మాట నోటికి వస్తుంది.

2. పనిని ముక్కలు చేసి, కొలతలతో రాయండి

"బల్ల సిద్ధం చేయాలి" అని రాస్తే పనికిరాదు. కొత్తగా వచ్చినవాళ్లు పుస్తకం చూసి చేయగలిగేలా ఉండాలి. ముందు మీ సంఘం పద్ధతి కనుక్కోండి. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో ఎక్కువగా పెద్ద పాత్ర, పలచని అప్పాలు వాడతారు. బాప్టిస్టు సంఘాల్లో, సహవాసాల్లో చిన్న కప్పులు. కొన్నిచోట్ల నెలకోసారి, కొన్నిచోట్ల ప్రతి ఆదివారం. కింది కొలతలు చిన్న కప్పులు వాడే సంఘానివి.

కప్పుల లెక్క: మూడు నెలల్లో బల్లలో పాల్గొన్నవాళ్ల అత్యధిక సంఖ్యకు 10 కలపండి. వంద మంది ఉంటే 110 కప్పులు. మామూలుగా దొరికే ట్రేలో 40 కప్పులు పడతాయి కాబట్టి మూడు ట్రేలు కావాలి. ఆ పది ఎందుకంటే, కొరింథు సంఘంలో ముందొచ్చినవాళ్లు తినేస్తుంటే పేదలు ఆకలితో మిగిలిపోయారు. అందుకే పౌలు "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి" అని రాశాడు (1 కొరింథీయులకు 11:33). మన దగ్గర కూడా నాట్ల రోజుల్లో, మిరపకాయ కోతల్లో పొద్దున్నే పొలానికి వెళ్లి ఆలస్యంగా పరుగెత్తుకొచ్చేవాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గరికి వచ్చేసరికి ట్రే ఖాళీ అయితే ఆ అవమానం ఏ మాటతోనూ పోదు. ఆ పది కప్పులు వాళ్లవి.

రసం: కప్పుకు 8 మి.లీ. చొప్పున 110 కప్పులకు 880 మి.లీ. అంటే లీటరు చేయండి. కిలో నల్ల ద్రాక్షను ఉప్పు నీళ్లలో పావుగంట ఉంచి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, తొడిమలు తీసేయండి. అర లీటరు నీళ్లు పోసి స్టీలు గిన్నెలో మధ్యస్థ మంట మీద తొక్కలు పగిలేదాకా, సుమారు 20 నిమిషాలు ఉడికించండి. గరిటెతో నలిపి, పలచని తెల్ల గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. వంద గ్రాముల చక్కెర వేసి మళ్లీ ఒక్క పొంగు రానిచ్చి, చల్లారాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. లీటరుకు ఒకవేళ కాస్త తక్కువ వస్తే కాచి చల్లార్చిన నీళ్లతో సరిచేయండి.

ఇక్కడ చెడేవి మూడు. మిక్సీలో వేస్తే గింజలు నలిగి రసం వగరెక్కుతుంది. అల్యూమినియం గిన్నెలోనో, కళాయి లేని ఇత్తడి గిన్నెలోనో కాస్తే పులుపుకు లోహం దిగి రుచి మారుతుంది. ఎండాకాలంలో శుక్రవారమే కాచి బయట పెడితే ఆదివారానికి బుడగలు కడుతుంది. అలాంటిది వాడొద్దు, పారబోసి మళ్లీ చేయండి. ద్రాక్ష దొరకని నెలల్లో 400 గ్రాముల నల్ల ఎండు ద్రాక్షను లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లతోనే ఉడికించి వడకట్టండి.

రొట్టె: పులియని రొట్టె వాడే సంఘమైతే 250 గ్రాముల గోధుమపిండి వంద మందికి చాలు. చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నూనె వేసి చపాతీ పిండికన్నా కొంచెం గట్టిగా కలిపి, అరగంట మూతపెట్టి ఉంచండి. పలచగా ఒత్తి, ఫోర్కుతో పొడిచి, సన్న మంట మీద కాల్చండి. మందంగా ఉంటే మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. మరీ కరకరలాడితే విరిచినప్పుడు పలుకులు నేల మీద రాలతాయి, తర్వాత ఎవరి కాలి కిందో పడతాయి.

పోయడం: మందుల షాపులో సూది లేని పెద్ద సిరంజి కొత్తది ఒకటి కొని దీనికే ఉంచండి. చెంబుతో పోస్తే సగం ట్రేలోకే పోతుంది. కప్పులో మూడింట రెండొంతులు దాటకూడదు. నిండా పోస్తే ట్రే మీద ట్రే పెట్టినప్పుడు తొణుకుతుంది. తొణికిన రసం ఆరి కప్పు అంటుకుపోతుంది, లాగేసరికి బట్టల మీద పడుతుంది. ప్రతి ట్రేలో బయటి వరుసలో నాలుగు కప్పులు సగమే నింపండి. చేతులు వణికే పెద్దవాళ్లు తీసుకోవడానికి అవి. ఎటువైపు ఉన్నాయో ట్రే పట్టుకునేవాళ్లకు ముందే చెప్పండి.

కడగడం: అందరూ వందనాలు చెప్పుకుంటూ బయట నిలబడే వేళ ఇది. ఆలస్యం చేయొద్దు. అరగంట దాటితే కప్పు అడుగున ఊదారంగు వలయం ఆరిపోతుంది. ముందు మామూలు నీళ్లతో తొలిచి, కొద్దిగా సబ్బు కలిపిన వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, వేలికి గుడ్డ చుట్టి లోపల తిప్పండి. మూడు నీళ్లు మార్చి తొలవండి. తెల్ల గుడ్డ మీద బోర్లించి పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులను కడిగి మళ్లీ వాడొద్దు.

మిగిలిన రొట్టె, రసం ఏం చేయాలనే విషయంలో ఒక్కో సంఘానికి ఒక్కో కట్టుబాటు ఉంది. పాస్టర్ గారిని అడిగి పుస్తకంలో రాసుకోండి. మీ అంతట మీరు తూములో పారబోయకండి, పిల్లలకు పంచేయకండి.

3. ప్రతి ముక్క పక్కన ఒక పేరు రాయండి

ఈ గైడు మొత్తంలో అసలు పని ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. పుస్తకంలో కుడివైపు పేజీ ఖాళీగా ఉంచండి. ఎడమవైపు "సగం నింపిన కప్పులు 4" అని ఉంటే కుడివైపు ఆ కప్పు ఎవరికో రాయండి. "అదనపు కప్పులు 10" పక్కన ఆలస్యంగా వచ్చేవాళ్ల పేర్లు. చాపలు పరిచేవాళ్లయితే ఏ చాప మీద ఎప్పుడూ ఎవరు కూర్చుంటారో. మైకు చూసేవాళ్లయితే వెనక గోడ దగ్గర కూర్చునే, చెవి సరిగా వినిపించని తాతగారి పేరు. కుర్చీలు వేసేవాళ్లయితే మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేనివాళ్ల పేర్లు.

పేరు దొరకని ముక్క ఉంటే రెండింటిలో ఒకటి. ఆ పని ఎవరికోసమో మీకింకా తెలియదు, అప్పుడు వెళ్లి కనుక్కోవాలి. లేదా అది ఎవరికీ అక్కర్లేని పని, పెద్దలతో మాట్లాడి మానేయవచ్చు. ప్రతి వారం మార్చే ప్లాస్టిక్ పూలదండలు చాలాచోట్ల ఈ రెండో రకమే.

జాగ్రత్త: పేర్లు మాత్రమే రాయండి. వాళ్ల జబ్బులు, ఇంటి గొడవలు రాయకండి. పుస్తకం చేతులు మారుతుంది.

ఈ పేజీ వల్ల ఇంకొక మేలు ఉంది. ఆరాధన అయ్యాక మిగిలిన కప్పులు లెక్కపెట్టి రాస్తారు కదా. ఎప్పుడూ పది మిగిలేది ఇవాళ పద్దెనిమిది మిగిలితే ఎవరో రాలేదన్నమాట. పేర్ల పేజీ తీసి చూస్తే ఎవరో తెలుస్తుంది. రెండు వారాలు వరుసగా రానివాళ్లు ఉంటే పాస్టర్ గారికి చెప్పండి, లేదా మీరే ఒక ఫోన్ చేయండి. ప్రసంగ వేదిక మీదినుంచి కనబడని ఖాళీ, కప్పులు కడిగేవాళ్ల చేతిలో కనబడుతుంది. అయితే ఒక హద్దు: మందిరానికి వచ్చి కూడా కప్పు తీసుకోనివాళ్లను "ఎందుకు తీసుకోలేదు?" అని అడగడం మీ పని కాదు. ఇంకొకరితో ఆ మాట అనడం అంతకన్నా కాదు.

4. ప్రార్థనను పనిలోనే పెట్టండి

పని ముగించి తర్వాత ప్రార్థిద్దాం అనుకుంటే అలసటతో అది జరగదు. ఒక వరుస కప్పులు తుడిచేటప్పుడు ఒక కుటుంబం. ట్రేలో ఎనిమిది కప్పుల వరుసకు ఒక వాక్యం చాలు: "ప్రభువా, ఈ ఇంట్లో సమాధానం ఇవ్వు." మూడు ట్రేలు ముగిసేసరికి పదిహేను ఇళ్ల పేర్లు దేవుని ముందుకు వెళ్తాయి. ఫోన్‌లో పాటలు పెట్టుకుని పని చేసే అలవాటుంటే మొదటి 15 నిమిషాలు ఆపేయండి, తర్వాత పెట్టుకోండి. మనసు నిలవని రోజున పేరు మాత్రం పలకండి, అదీ ప్రార్థనే.

5. దాచాల్సింది దాచండి, చెప్పాల్సింది చెప్పండి

మత్తయి 6:3లో కుడిచేతి పని ఎడమచేతికి తెలియకూడదన్నది ధర్మకార్యం గురించి. దాన్ని పరిచర్యకూ పాటించడం మంచిదే: చేసిన పని ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, "పొద్దున అయిదింటికే వచ్చాను" అనే మాట మాటల మధ్యలో జారనివ్వకండి. లూకా 22:10లో యేసు చివరి భోజనం సిద్ధం చేయడానికి వెళ్లిన పేతురుకు, యోహానుకు దారి చూపినవాడు నీళ్లకుండ మోసుకుపోతున్న ఒక మనిషి. అతని వెంట వెళ్తేనే మేడగది దొరికింది, మొదటి బల్ల సిద్ధమైంది. లూకా అతని పేరు రాయలేదు, అతను ఏమన్నాడో కూడా రాయలేదు.

కానీ డబ్బు, తాళాలు, పగిలిన వస్తువులు దాచేవి కావు. ద్రాక్ష కొన్న చీటీ పుస్తకంలో అంటించండి. కప్పు పగిలితే ఆ రోజే రాయండి. మీ చేతి డబ్బుతో కొని ఊరుకుంటే రెండు నష్టాలు: అసలు ఖర్చెంతో సంఘానికి తెలియదు, మీ తర్వాత వచ్చే పేద సోదరి కూడా అలాగే సొంతంగా పెట్టుకోవాల్సి వస్తుంది. ఇవ్వాలనిపిస్తే కానుక పెట్టెలో వేయండి, చీటీ మాత్రం లెక్కలోకి రానివ్వండి.

6. సణుగుడు మొదలైందేమో కనిపెట్టండి

అది పెద్ద గొంతుతో రాదు. గిన్నె కొంచెం గట్టిగా పెడతారు. వేదిక మీద ఇంకొకరికి శాలువా కప్పినప్పుడు లేచి బయటికి వెళ్తారు. సహాయానికి వచ్చినవాళ్లను "మీకు రాదులెండి" అని పంపేస్తారు. ఈ మూడింటిలో రెండు కనిపిస్తే ఆగి చూసుకోండి.

లూకా 10లో యేసుకు ఉపచారం చేస్తూ, తన సహోదరి మరియ సాయపడట్లేదని ఫిర్యాదు చేసిన మార్త సంగతి ఇక్కడ చాలామంది తప్పుగా చెబుతారు. ప్రభువు ఆమెను పని మానమనలేదు. అనేక పనుల గురించి విచారంతో తొందరపడుతున్నావన్నాడు, అంతే. యోహాను 12:2లో మళ్లీ మార్తే ఉపచారం చేస్తోంది. ఈసారి సహోదరి మీద ఫిర్యాదు లేదు. మారింది పని కాదు.

చేయాల్సింది: ఆ వారం పనిలో ఒక ముక్క తగ్గించండి. తోడున్నవాళ్లకు ఒక ట్రే అప్పగించి, వాళ్లు మీలా చేయకపోయినా దిద్దకండి. ఆ ఆదివారం ప్రసంగం మొదటినుంచి చివరిదాకా కూర్చుని వినండి. వరుసగా నెల రోజులు వంటింట్లోనో బయటో గడిపి వాక్యం వినకుండా పోయినవాళ్లకు పని భారమవక మానదు. అప్పటికీ తగ్గకపోతే పాస్టర్ గారితోనో, పాస్టరమ్మ గారితోనో నేరుగా "అలసిపోయాను, రెండు వారాలు విరామం కావాలి" అనండి. అది వెనక్కి తగ్గడం కాదు.

7. వంతు వేయండి

1 దినవృత్తాంతములు 9:22లో ద్వారపాలకులు 212 మంది. 25వ వచనంలో వాళ్ల సహోదరులు తమ ఊళ్లనుంచి ఏడేసి దినాల వంతున వచ్చి సాయపడేవారు. ఒక్కరి మీదే ఏళ్ల తరబడి వదిలేయడం బైబిలు పద్ధతి కాదు.

దీన్ని సూటిగానే చెప్పాలి. మీ సంఘంలో ఊడ్చే పని, అంట్లు తోమే పని ఎప్పుడూ ఒకే కులంవాళ్ల మీదో, ఆడవాళ్ల మీదో, కొత్తగా రక్షణ పొందిన పేదవాళ్ల మీదో పడుతుంటే అది "కనిపించని పరిచర్య" కాదు, అన్యాయం. దానికి కొలొస్సయులకు 3:23 (ఏమి చేసినా ప్రభువు కోసమే అని మనస్ఫూర్తిగా చేయండి అనే మాట) చూపించి ఓర్చుకోమని చెప్పకూడదు. ప్రభువు శిష్యుల పాదాలు కడగడానికి నడుముకు తువాలు కట్టుకుని పళ్లెంలో నీళ్లు పోసింది ఆ గదిలో అందరికన్నా పైవాడు తానే అయి ఉండి. కాబట్టి వంతుల పట్టికలో సంఘ పెద్దల పేర్లు మొదటి నెలలోనే ఉండాలి. పట్టిక గోడకు అంటించండి. మీ మొదటి 12 వారాలు అయ్యాక, ఇద్దరిద్దరిగా, నాలుగు వారాలకో జంటగా వేస్తే సరిపోతుంది.

మందిరం లేని సంఘాలకు: కువైట్ లాంటి చోట్ల ఒకే ప్రాంగణాన్ని అనేక భాషల సంఘాలు గంటల లెక్కన పంచుకుంటాయి. అక్కడ సర్దడానికి అరగంట కూడా దొరకదు. సామానంతా రెండు పెట్టెల్లో పెట్టి, ఏ పెట్టెలో ఏముందో, ఎన్ని ఉన్నాయో మూత లోపలివైపు అంటించండి. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు రెండుసార్లూ లెక్కపెట్టండి.

మంచంలో ఉన్నవాళ్లకు ఇంటి దగ్గర సేవ చేస్తున్నవాళ్లకు: మీ పుస్తకంలో పేరు ఒక్కటే ఉంటుంది. మందులు, పక్క మార్చిన వేళలు రాసుకోండి. 7వ మెట్టు మీకు అందరికన్నా ఎక్కువ అవసరం. వారానికి కనీసం మూడు గంటలు ఇంకొకరు వచ్చి కూర్చునేలా సంఘాన్ని అడగండి, సిగ్గుపడకండి.

8. సరిచూసుకోవడం

పని సరిగ్గా ఉందా: శుభ్రమైన కప్పును వెలుతురుకు ఎత్తి చూడండి, అడుగున మరక ఉండకూడదు. వాసన చూడండి, సబ్బు వాసన వస్తే ఇంకోసారి తొలవండి. ట్రే ఎత్తి అటూ ఇటూ నాలుగడుగులు నడవండి, తొణకకూడదు. ఇచ్చిన కప్పులు, మిగిలినవి, పగిలినవి కలిపితే మొత్తానికి సరిపోవాలి.

మనసు సరిగ్గా ఉందా: 4వ, 8వ, 12వ ఆదివారం రాత్రి పుస్తకం తెరిచి మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. మొదలుపెట్టినప్పుడు పేరు తెలియని ఎంతమంది పేర్లు ఇప్పుడు తెలుసు? ఎవరైనా మెచ్చుకోని వారం పని నాణ్యత తగ్గిందా? నేను లేని ఆదివారం పని జరిగిందా? మొదటిదానికి జవాబు సున్నా అయితే 3వ మెట్టు వదిలేశారు, మళ్లీ అక్కడినుంచి మొదలుపెట్టండి. రెండోదానికి అవును అయితే కంగారుపడకండి, అందరికీ జరిగేదే. ఏ ముక్క తగ్గిందో చూసి వచ్చే వారం దాన్నే ముందు చేయండి. మూడోదానికి జవాబు "లేదు" అయితే మీకు తోడు లేరన్నమాట.

12 వారాలయ్యాక పుస్తకం తర్వాతి జంటకు ఇచ్చేటప్పుడు ఊరికే చేతిలో పెట్టి వెళ్లకండి. ఒక శనివారం వాళ్లతో కూర్చుని రసం కాచేది చూపించండి, ఆదివారం వాళ్లతో పోయించండి. ఎటువైపు సగం కప్పులు పెట్టాలో, ఆ నలుగురు ఎవరో, వాళ్లు ఏ వైపు కూర్చుంటారో వేలు పెట్టి చూపించండి. డబ్బా తాళం, మిగిలిన చీటీలు, పగిలిన కప్పుల లెక్క అప్పగించి, పేజీ అడుగున తేదీ వేసి ఇద్దరూ సంతకం చేయండి.